న్యూయార్క్ మేయర్ పదవి చరిత్ర ఎలా చదవాలి: కౌన్సిల్ సెక్షన్‌లో పనిచేసినవాడి సలహా

న్యూయార్క్ మేయర్ల గురించి తెలుసుకుందామని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు మేయర్ల జాబితా తెరుస్తారు. 1665లో థామస్ విలెట్ దగ్గర మొదలై ఇవాళ్టిదాకా నూట పదికి పైగా పేర్లు. ఇరవయ్యో పేరుకి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది, ఒక్కటీ గుర్తుండదు. ఆ జాబితా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. దాంతో పని చివర్లో ఉంటుంది.

నేను విశాఖలో మున్సిపల్ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. సర్వీసులో ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్‌లోనే గడిచింది. అజెండా తయారు చేయడం, తీర్మానాలు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించడం, ఏ ఫైలు స్టాండింగ్ కమిటీకి వెళ్లాలి, ఏది కౌన్సిల్‌కి రావాలి, ఏది కమిషనర్ సంతకంతో తేలిపోతుంది అని చూడడం నా పని. అందుకే ఏ ఊరి మేయర్ మాట విన్నా నాకు మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఈయన సంతకం ఎంతవరకు చెల్లుతుంది? న్యూయార్క్ చరిత్ర నాకు అర్థమైంది ఆ ప్రశ్న పట్టుకుని వెళ్లాకే. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు అడిగినప్పుడు కూడా అక్కణ్ణించే మొదలుపెట్టమంటాను.

ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీ అడ్డంగా తిప్పండి. ఎడమ పక్క సంవత్సరాలు. తర్వాత నాలుగు గడులు: మేయర్ని ఎవరు కూర్చోబెడుతున్నారు, ఎంత కాలానికి, డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఆయన్ని దించే అధికారం ఎవరిది. మనిషి మారినప్పుడు కొత్త వరస వేయొద్దు. ఈ నాలుగింటిలో ఏదైనా ఒక రూలు మారినప్పుడే వేయండి. మూడున్నర శతాబ్దాల చరిత్ర రెండు పేజీల్లోకి వస్తుంది.

మొదటి వరస మాత్రం మన ఊరిది వేసుకోండి. ఇది తప్పనిసరి. మన మేయర్ని మనసులో పెట్టుకుని న్యూయార్క్ మేయర్ గురించి చదివితే అడుగడుగునా తప్పు అర్థమే వస్తుంది. జీవీఎంసీలో, అంటే మన గ్రేటర్ విశాఖ కార్పొరేషన్‌లో, ఇప్పుడు మేయర్ని ఎన్నుకునేది కార్పొరేటర్లు. మేయర్ కౌన్సిల్‌కి అధ్యక్షత వహిస్తారు గానీ కార్యనిర్వాహక అధికారం రాష్ట్ర ప్రభుత్వం పంపిన కమిషనర్‌ది. అవిశ్వాసం పెట్టి కౌన్సిలే దించవచ్చు, 2025 ఏప్రిల్‌లో మనం చూశాం. 2012 నుంచి 2021 దాకా అసలు పాలకవర్గమే లేదు, స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. న్యూయార్క్‌లో మేయర్నీ కమిషనర్నీ కలిపి ఒకే కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. పోలీస్ కమిషనర్ని ఆయనే నియమిస్తారు, శాఖాధిపతులను ఆయనే నియమిస్తారు, బడ్జెట్ తయారు చేసేది ఆయనే. అవిశ్వాస తీర్మానంతో సిటీ కౌన్సిల్ ఆయన్ని ఇంటికి పంపలేదు. ఈ తేడా కళ్ల ముందు పెట్టుకుంటే మిగతాది సులువు.

ఇక మొదటి గడి నింపండి. 1664లో డచ్చివాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్లు ఊరు లాక్కున్నారు. మరుసటి ఏడు గవర్నర్ రిచర్డ్ నికల్స్ డచ్ పద్ధతి తీసేసి మేయర్, ఆల్డర్మన్లు (మన కార్పొరేటర్ల లాంటివాళ్లు), షెరిఫ్ అనే ఏర్పాటు తెచ్చాడు. విలెట్ ఆ గవర్నర్ వేసిన మనిషి, గడువు ఒక్క ఏడాది. 1686 నాటి డాంగన్ చార్టర్‌లో (చార్టర్ అంటే నగర పాలన నియమాల పత్రం) ఆల్డర్మన్లను వార్డుల్లో జనం ఎన్నుకునే వీలు వచ్చింది గానీ మేయర్ మాత్రం గవర్నర్ మనిషే. స్వాతంత్ర్యం వచ్చాక మారిందేమో అనుకుంటాం. మారలేదు. రాజు పంపిన గవర్నర్ బదులు రాష్ట్రంలోని నియామక మండలి, అంటే గవర్నరూ నలుగురు సెనేటర్లూ కలిసి మేయర్ని వేసేవారు. 1821 రాజ్యాంగం ఆ మండలిని రద్దు చేశాక నగర కౌన్సిల్ ఎన్నుకోవడం మొదలైంది. జనం నేరుగా ఓటేసింది 1834లో. ఆ ఏప్రిల్‌లో మూడు రోజులు పోలింగ్ సాగింది, వీధుల్లో కొట్లాటలు జరిగాయి, చివరికి కార్నీలియస్ లారెన్స్ 200 లోపు ఓట్ల తేడాతో గెలిచాడు.

అంటే మొదటి మేయర్ వచ్చిన 169 ఏళ్లకు గానీ ఆ ఊరి జనానికి తమ మేయర్ని తాము ఎన్నుకునే హక్కు రాలేదు. అప్పటికీ ఆ ఓటు అందరిదీ కాదు. ఆడవాళ్లకు లేదు. నల్లవాళ్లకైతే 1821 రాజ్యాంగమే ఆస్తి ఉండాలన్న షరతు పెట్టి దాదాపు అందరినీ బయట ఉంచింది. ఇది మొదటి గడిలోనే రాయండి, పక్కన ఎక్కడో వద్దు. ఎవరు కూర్చోబెట్టారు అన్న ప్రశ్నకు ఇది జవాబులో భాగం.

రెండో గడి, కాలం, తొందరగా నిండుతుంది. 1849 దాకా ఒక్క ఏడాది, తర్వాత రెండేళ్లు, 1898లో నాలుగు, వెంటనే మళ్లీ రెండు, 1905 ఎన్నిక నుంచి నాలుగు. రెండు దఫాలకు మించి వరసగా ఉండకూడదని 1993లో జనమే ఓటేశారు. 2008లో మైకేల్ బ్లూంబర్గ్ హయాంలో కౌన్సిల్ దాన్ని మూడు దఫాలు చేసింది, ఆయన మూడోసారి గెలిచారు, 2010లో జనం మళ్లీ రెండుకి తెచ్చారు. ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

ఆగాల్సిన చోటు 1857.

ఈ ఒక్క సంవత్సరం నింపాదిగా చదివితే మొత్తం చరిత్రకు తాళంచెవి దొరుకుతుంది. అప్పటి మేయర్ ఫెర్నాండో వుడ్, డెమొక్రాట్. రాష్ట్ర రాజధాని ఆల్బనీలో శాసనసభ రిపబ్లికన్ల చేతిలో ఉంది. నగర పోలీసుల మీద మేయర్ పట్టు తీసేయాలని శాసనసభ ఒక చట్టం చేసి, మెట్రోపాలిటన్ పోలీస్ అని కొత్త దళం పెట్టి, దాన్ని రాష్ట్రం నియమించే కమిషనర్ల కింద ఉంచింది. అదే ఊపులో చార్టర్ మార్చి వుడ్ పదవీకాలాన్నీ కోసేసింది. వుడ్ తన పాత మున్సిపల్ పోలీసులను రద్దు చేయనన్నాడు. కొన్ని వారాలు ఊళ్లో రెండు పోలీసు దళాలు. జూన్‌లో మేయర్ని అరెస్టు చేయడానికి మెట్రోపాలిటన్ పోలీసులు వారంటుతో సిటీ హాల్‌కి వచ్చారు. లోపల మున్సిపల్ పోలీసులు. ఆ మెట్ల మీద రెండు దళాలూ లాఠీలతో తలలు పగిలేలా కొట్టుకున్నాయి. అటుగా వెళ్తున్న సైనిక రెజిమెంటును పిలిస్తే గానీ ఆగలేదు. జూలైలో రాష్ట్ర అత్యున్నత కోర్టు, రాష్ట్రం చేసిన చట్టమే చెల్లుతుందని తేల్చింది. వుడ్ తన దళాన్ని రద్దు చేశాడు, డిసెంబర్ ఎన్నికలో ఓడిపోయాడు.

ఈ ఘట్టం చదివేటప్పుడు వుడ్ మంచివాడా చెడ్డవాడా అన్న వాదనలోకి వెళ్లకండి. ఆయన పాలనలో అవినీతి ఉంది, అందులో సందేహం లేదు. 1861లో అంతర్యుద్ధం ముంగిట, న్యూయార్క్ నగరం దేశం నుంచి విడిపోయి స్వేచ్ఛా నగరం కావాలని ప్రతిపాదించిన మనిషి కూడా ఆయనే. కానీ మీ నోట్‌బుక్‌లో రాసుకోవాల్సింది కోర్టు చెప్పిన సంగతి: నగరానికి అధికారం ఇచ్చేది రాష్ట్రం, కాబట్టి తీసుకునేదీ రాష్ట్రమే. మున్సిపల్ ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా ఇది కొత్త కాదు. పైనుంచి ఒక జీవో వస్తే నిన్నటిదాకా మన సెక్షన్‌లో ఉన్న సబ్జెక్టు ఇవాళ ఇంకో ఆఫీసుకి వెళ్లిపోతుంది. ఆ ఫైళ్లు కట్టలు కట్టి అప్పగించిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే 1857 చదివినప్పుడు నాకు అది పరాయి దేశపు కథ అనిపించలేదు.

దీని తర్వాత ట్వీడ్ దగ్గరికి వస్తారు. గ్రంథాలయంలో ఒకమ్మాయి అడిగింది, "సార్, బాస్ ట్వీడ్ ఎన్నేళ్లు మేయర్‌గా చేశారండీ?" ఒక్క రోజు కూడా చేయలేదమ్మా అన్నాను. అప్పుడు మేయర్ ఎ. ఓకీ హాల్. విలియం ట్వీడ్ టామనీ హాల్ అనే డెమొక్రటిక్ పార్టీ సంస్థకు నాయకుడు, పబ్లిక్ వర్క్స్ కమిషనర్. 1870లో రాష్ట్రం నుంచి నగరానికి అధికారాలు తిరిగి తెచ్చిన చార్టర్ ఆయన పుణ్యమే. ఆ చార్టర్ పేరు చెబితే స్వపరిపాలన, లోపల చూస్తే బిల్లులు పాస్ చేసే అధికారం నలుగురు సొంత మనుషుల చేతిలో. సిటీ హాల్ వెనక కట్టిన కోర్టు భవనం బిల్లుల్లో ఒక ప్లాస్టరింగ్ కాంట్రాక్టరు రెండు రోజుల పనికి లక్ష డాలర్లకు పైగా తీసుకున్నట్టు ఉంది. కొలతల పుస్తకం, ఎం-బుక్, చూసి బిల్లు పాస్ చేసే ఆఫీసులో బతికినవాణ్ని కాబట్టి ఆ అంకె చూసి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. 1871లో న్యూయార్క్ టైమ్స్ ఆ లెక్కలు బయటపెట్టింది, థామస్ నాస్ట్ కార్టూన్లు ఊరంతా తిరిగాయి. ట్వీడ్ 1878లో జైల్లోనే పోయాడు. హాల్ విచారణ ఎదుర్కొని బయటపడ్డాడు. మూడో గడిలో, డబ్బు ఎవరి చేతిలో అన్నచోట, మేయర్ పేరు కాకుండా ఆ బిల్లులు పాస్ చేసిన బోర్డు రాయండి.

ఇక 1898. మన గ్రేటర్ విశాఖ గుర్తున్నవాళ్లకు ఇది ఇష్టంగా చదువుకునే అధ్యాయం. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ చుట్టుపక్కల పల్లెలనూ కలిపి గ్రేటర్ చేసినప్పుడు పన్నులు పెరుగుతాయా, నీళ్లు వస్తాయా, మా ఊరి పేరు పోతుందా అని ఎంత చర్చ జరిగిందో. అంతకు 107 ఏళ్ల ముందు అక్కడ అదే జరిగింది. బ్రూక్లిన్ అప్పటిదాకా వేరే నగరం, దాని మేయర్ దానికి ఉన్నాడు. నీటి కొరత ఉంది, అప్పుల పరిమితి దగ్గరపడింది. 1894లో ప్రజాభిప్రాయం అడిగితే బ్రూక్లిన్‌లో విలీనానికి అనుకూలంగా వచ్చిన మెజారిటీ 277 ఓట్లు. లక్షా ఇరవై తొమ్మిది వేల ఓట్లలో 277! రెండు నగరాల మేయర్లూ బిల్లును తిరస్కరించారు. శాసనసభ మళ్లీ ఆమోదించి పంపింది. 1898 జనవరి 1న మన్‌హాటన్, బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్, స్టాటెన్ ఐలండ్ అనే ఐదు బరోలతో, అంటే ఐదు పెద్ద విభాగాలతో, కొత్త నగరం పుట్టింది, మేయర్ రాబర్ట్ వాన్ వైక్. కాబట్టి 1898కి ముందు పుస్తకంలో "న్యూయార్క్ మేయర్" అని కనిపిస్తే మీ మనసులో మ్యాప్ చిన్నది చేసుకోండి. ఆయన పాలించింది మన్‌హాటన్, 1874 తర్వాత దానికి తోడు బ్రాంక్స్‌లో కొంత. ఈ జాగ్రత్త తీసుకోకపోతే జనాభా, బడ్జెట్ అంకెలన్నీ గందరగోళం అవుతాయి.

బ్రూక్లిన్ లాంటి పెద్ద బరోలకూ స్టాటెన్ ఐలండ్ లాంటి చిన్నదానికీ మాట దక్కాలి కదా. అందుకు పెట్టిన ఏర్పాటే బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్. మేయర్ల జీవితచరిత్రల్లో దీనికి దక్కే చోటు తక్కువ, నా లెక్కలో మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. బడ్జెట్, కాంట్రాక్టులు, భూ వినియోగం దీని ముందుకే వచ్చేవి. చివరి రోజుల్లో మేయర్, కంట్రోలర్ (నగర లెక్కలు చూసే అధికారి), కౌన్సిల్ ప్రెసిడెంట్‌కి తలా రెండు ఓట్లు, ఐదుగురు బరో ప్రెసిడెంట్లకు తలా ఒకటి. కూడి చూడండి: మొత్తం 11, అందులో మేయర్వి రెండే. ఎంత గట్టి మేయర్ అయినా ఇంకో నాలుగు ఓట్లు కూడగట్టుకోందే ఫైలు కదలదు. పైగా 22 లక్షల మంది ఉన్న బ్రూక్లిన్‌కి ఒక ఓటు, మూడున్నర లక్షల స్టాటెన్ ఐలండ్‌కీ ఒక ఓటే. గాజువాకకీ భీమిలికీ చెరో ఓటు ఇస్తే గాజువాకవాళ్లు ఏమంటారో ఊహించండి. బ్రూక్లిన్ ఓటర్లు అదే అడిగారు. 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, మనిషికొక ఓటు అన్న సూత్రానికి ఇది విరుద్ధం అంది. ఆ నవంబర్‌లో జనం కొత్త చార్టర్‌కి ఓటేశారు. బోర్డు పోయింది, కౌన్సిల్ 35 నుంచి 51 మందికి పెరిగింది, మేయర్ చేతిలోకి చాలా అధికారం వచ్చింది. అదే ఎన్నికలో గెలిచి, నగరానికి మొదటి నల్లజాతి మేయర్ అయిన డేవిడ్ డింకిన్స్ హయాంలోనే ఈ మార్పు అమల్లోకి వచ్చింది. ఇవాళ మనం వార్తల్లో చూసే బలమైన న్యూయార్క్ మేయర్ నిజానికి 1990లో పుట్టినవాడు. అంతకు ముందు మేయర్లను ఈ కొలతతో కొలవడం న్యాయం కాదు.

డబ్బు గడిలో ఇంకో ముఖ్యమైన వరస 1975. ఏళ్ల తరబడి రోజువారీ ఖర్చులకు కూడా అప్పులు తెచ్చిన నగరానికి ఆ ఏడాది బ్యాంకులు చేతులెత్తేశాయి. మేయర్ ఏబ్రహాం బీమ్ అంతకు ముందు కంట్రోలర్‌గా చేసిన లెక్కల మనిషి. అయినా పోలీసులను, ఫైర్ సిబ్బందిని, పారిశుద్ధ్య కార్మికులను వేలల్లో తీసేయాల్సి వచ్చింది. అక్టోబర్ 17న అప్పు తీర్చే గడువు. ఉపాధ్యాయుల పెన్షన్ ఫండ్ 15 కోట్ల డాలర్ల బాండ్లు కొనడానికి చివరి గంటల్లో ఒప్పుకోబట్టి నగరం దివాలా తీయకుండా బయటపడింది. మేయర్లూ గవర్నర్లూ బ్యాంకర్లూ ఉన్న కథలో ఊరిని ఆ రోజు నిలబెట్టింది టీచర్ల రిటైర్మెంట్ సొమ్ము. పెన్షన్ మీద బతికేవాడిగా ఆ సంగతి నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది, మీరూ వదిలిపెట్టకండి. అప్పటికే సెప్టెంబర్‌లో రాష్ట్రం ఒక అత్యవసర ఆర్థిక నియంత్రణ బోర్డు పెట్టింది. అధ్యక్షుడు గవర్నర్ హ్యూ కేరీ, మేయర్ అందులో ఒక సభ్యుడు మాత్రమే. 1986 దాకా నగర బడ్జెట్ ఆ బోర్డు కనుసన్నల్లో నడిచింది. 1857 నాటి మాట మళ్లీ వినిపిస్తుంది కదా, ఈసారి లాఠీల బదులు లెడ్జర్లతో.

నాలుగో గడి, దించడం. న్యూయార్క్ మేయర్ని తొలగించే అధికారం గవర్నర్‌కి ఉంది, ఇప్పటిదాకా ఏ గవర్నరూ ఆ పని చివరిదాకా చేయలేదు. అందరికన్నా దగ్గరగా వచ్చింది 1932. శామ్యూల్ సీబరీ విచారణలో మేయర్ జిమ్మీ వాకర్ లెక్కలు బయటపడ్డాయి. గవర్నర్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి స్వయంగా విచారించాడు. తీర్పు రాకముందే సెప్టెంబర్ 1న వాకర్ రాజీనామా చేశాడు. ఆ ఖాళీ తర్వాత రెండేళ్లలో వచ్చినవాడే ఫియొరెల్లో లా గ్వార్డియా, 1934 నుంచి 1945 దాకా మూడు దఫాలు. ఆయన గురించి ఎంత చదివినా తక్కువే. 1945లో పేపర్లు బంద్ అయితే పిల్లల కోసం రేడియోలో కామిక్స్ చదివి వినిపించిన మేయర్. కానీ ఆయన దగ్గర కూడా 1936లో జనం ఆమోదించిన చార్టర్ చదవడం మరవకండి.

ఈ నాలుగు గడులతో పాటు పేజీ అడుగున ఒక చిన్న పెట్టె గీయండి: మేయర్ చేతిలో లేనివి. విశాఖలో పోర్టు, ఆర్టీసీ, నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ పార్కులు కార్పొరేషన్‌వి కావు, కానీ బస్సు రాకపోతే జనం కార్పొరేటర్నే అడుగుతారు. అక్కడా అంతే. సబ్‌వే నడిపేది రాష్ట్ర సంస్థ, రైలు ఆలస్యమైతే తిట్లు మేయర్‌కి. స్కూళ్లు 2002లో మేయర్ చేతికి వచ్చాయి, అదీ రాష్ట్రం గడువు పెట్టి ఇచ్చిన అధికారం. ఆ ఏడే నగర విద్యాశాఖ ఆఫీసు, ఇందాక చెప్పిన ట్వీడ్ కోర్టు భవనంలోకి మారింది.

మూలాలు ఎక్కడ చూడాలంటారా. నగర మున్సిపల్ ఆర్కైవ్స్ చేంబర్స్ స్ట్రీట్‌లో ఉంది, చాలా ఫొటోలు, కాగితాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. క్వీన్స్‌లోని లా గ్వార్డియా అండ్ వాగ్నర్ ఆర్కైవ్స్‌లో ఇరవయ్యో శతాబ్దపు మేయర్ల కాగితాలు ఉన్నాయి. పిల్లలు న్యూజెర్సీలో ఉండి అటు వెళ్లే పెద్దవాళ్లు మన ఊళ్లో చాలామందే. మన్‌హాటన్ చూడ్డానికి వెళ్లిన రోజు ఒక పూట సిటీ హాల్ పార్కుకి కేటాయించండి. 1812లో పూర్తయిన సిటీ హాల్, దాని వెనక ట్వీడ్ కోర్టు భవనం, ఆ వెనక చేంబర్స్ స్ట్రీట్, అన్నీ నడక దూరం. నోట్‌బుక్ పట్టుకెళ్లండి.

ఇప్పుడు మేయర్ల జాబితా తెరవండి. ప్రతి పేరూ మీ వరసల్లో ఏ కాలానికి చెందుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ పోండి. 1834కి ముందువాళ్ల పేర్ల పక్కన ఓట్ల కోసం వెతకొద్దు, నియమించిన అధికారి కోసం వెతకండి. వరస సంఖ్యలను మాత్రం గట్టిగా నమ్మకండి. 1670లలో మథయస్ నికల్స్ రెండు వేర్వేరు సార్లు మేయర్‌గా చేస్తే జాబితా ఒక్కసారే లెక్కపెట్టిందని ఈ మధ్యే తేలింది. 2026 జనవరి 1న ప్రమాణం చేసిన జోహ్రాన్ మమ్దానీ 111వ మేయరా, 112వ మేయరా అన్న చర్చ అలా వచ్చింది. పరీక్షలో రాసేవాళ్లు సంఖ్య వదిలేసి సంవత్సరం రాయండి. టైం లేనివాళ్లు 1857, 1898, 1989 ఈ మూడు వరసలు ముందు పూర్తి చేసి, మిగతావి తర్వాత నింపుకోండి.